దుమ్మూ గంధకమూ ఒకే లెక్కలో: ఆమ్ల వర్షం ముందు మన అడవి నేలలు

యాకుత్‌పురా స్టేషన్ నుంచి రెయిన్ బజార్ వైపు వెళ్లే గల్లీల్లో వేసవి చివర గాలి పీలిస్తే మూడు రకాల దుమ్ము ఒకేసారి గొంతుకు తగులుతుంది. కూలగొట్టిన పాత ఇళ్ల డంగు సున్నం ఒకటి, పక్కనే లేస్తున్న కొత్త అంతస్తుల సిమెంటు ఒకటి, తవ్వి వదిలేసిన రోడ్డు మన్ను ఒకటి. తొలకరి వాన ఈ దుమ్మును కడుక్కుంటూ కిందికి దిగుతుంది. ఈ మూడింటిలోనూ ఉండే కాల్షియం చినుకులో కరిగి, అందులోని ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ వాన నీటిని పరీక్షించి 2003లో ప్రచురించిన ఫలితాల్లో సగటు పీహెచ్ 6.4 దగ్గర తేలింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కరిగిన శుద్ధమైన వాన నీటి పీహెచ్ 5.6 ఉంటుంది. అంటే ఇంత ట్రాఫిక్, ఇన్ని బాయిలర్లు, ఇంత డీజిల్ పొగ మధ్య కురిసే మన వానలో పులుపు శుద్ధమైన వాన కంటే తక్కువ.

ఈ అంకె చూసి ఆమ్ల వర్షం ఐరోపా, అమెరికాల కథేనని, మనకు ఆ బెడద లేదని అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఎక్కువే. ఆ ధీమాకు పునాది దుమ్ము. ఆ దుమ్మునే తగ్గించాలని మనం ఇప్పుడు కోట్లు ఖర్చుపెడుతున్నాం. ఇంకోవైపు బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకాన్ని తగ్గించే నిబంధనను 2025లో చాలావరకు సడలించాం. ఈ రెండు పనులూ కలిసి అడవి నేల మీద ఏ ఫలితం చూపుతాయి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి నేల రసాయన మోడళ్లు నలభై ఏళ్లుగా తయారవుతున్నాయి. అవి ఏం నేర్పాయి, ఎక్కడ తప్పాయి, తెలంగాణ చల్కా నేలకూ తూర్పు కనుమల ఎర్రమట్టికీ ఎంతవరకు వర్తిస్తాయి అన్నదే ఈ సమీక్ష.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. మాంచెస్టర్ చుట్టుపక్కల వానలో ఆమ్లం ఉందని రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1852లోనే రాశాడు. 1872లో అచ్చయిన ఆయన పుస్తకంతో ఆమ్ల వర్షం అన్న మాట నిలబడింది. తర్వాత దాదాపు వందేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1960ల చివర స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్, తమ చెరువుల్లో చేపలు చావడానికి ఇతర దేశాల పొగ గొట్టాలు కారణమని చెప్పినప్పుడు అది దేశాల మధ్య తగాదాగా మారింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం 1963 నుంచి వాననూ వాగునూ కొలుస్తూ వచ్చింది. జర్మనీ సోలింగ్ అడవుల్లో పనిచేసిన బెర్న్‌హార్డ్ ఉల్రిక్ చూపును వాన నుంచి నేల వైపు తిప్పాడు. చెట్టుకు ముప్పు ఆకుల మీద పడే చినుకు నుంచి వస్తుందా, వేళ్ల దగ్గర మారిపోయే మట్టి నుంచి వస్తుందా అన్నది ఆయన లేవనెత్తిన ప్రశ్న. నేల మోడళ్లలో చాలావాటి వెనక ఉన్నది ఆ ప్రశ్నే.

నేలలో జరిగేది ఇది. బంకమట్టి రేణువుల మీదా కుళ్లిన ఆకు మీదా రుణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం లాంటి క్షార అయాన్లు దానికి అంటుకుని ఉంటాయి. చెట్టుకు కావలసిన పోషకాల్లో మొదటి మూడూ ముఖ్యమైనవి. కిరాణా కొట్టు ఖాతాలాగే ఇక్కడా మూడు పద్దులుంటాయి: కొట్లో ఉన్న సరుకు, వచ్చే సరుకు, పోయే సరుకు. రాయి కరిగి మన్నయ్యేటప్పుడు కొంత వస్తుంది, గాలిలోని దుమ్ముతో కొంత వస్తుంది. చెట్టు పీల్చుకున్నది కట్టెగా అడవి దాటితే కొంత పోతుంది. వానతో వచ్చిన సల్ఫేట్, నైట్రేట్ కిందికి ఇంకుతూ తమ వెంట క్షార అయాన్లను లాక్కుపోతే ఇంకొంత పోతుంది. ఆ ఖాళీ చోట్లలో ముందు హైడ్రోజన్, తర్వాత అల్యూమినియం చేరతాయి. మట్టి పీహెచ్ 4.5 కిందికి దిగాక కరిగిన అల్యూమినియం పెరిగి సన్న వేళ్లను దెబ్బతీస్తుంది. వాగులోకి చేరితే చేపల మొప్పలను పాడుచేస్తుంది.

పీహెచ్ మీటర్ చూపించేది ఆమ్లానికీ క్షారానికీ మధ్య తేడానే. ఎంత గంధకం దిగింది, దాన్ని విరవడానికి ఎంత కాల్షియం ఖర్చయింది అన్నది అది చెప్పదు. హైదరాబాద్ వాన పీహెచ్ 6.4 అన్నంత మాత్రాన అందులో గంధకం తక్కువని అర్థం కాదు. మన దగ్గర జరిగే చర్చల్లో ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మోడళ్లలో రెండు జాతులున్నాయి. మొదటిది నిలకడ స్థితి లెక్క: రాయి నుంచి వచ్చే క్షారం, దుమ్ముతో వచ్చే క్షారం, చెట్టు తీసుకునేది, అన్నీ లెక్కేసి, ఏటా ఎంత ఆమ్లం దాకా నేల తట్టుకుంటుందో ఒక హద్దు చెబుతుంది. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ స్వెర్‌డ్రుప్, పెర్ వార్ఫ్‌వింగె తయారుచేసిన 'ప్రొఫైల్' ఈ రకం. ఐరోపా దేశాలు 1994లో ఓస్లోలో, 1999లో గోథెన్‌బర్గ్‌లో ఒప్పందాలు చేసుకున్నప్పుడు ఏ దేశం ఎంత గంధకం తగ్గించాలన్న బేరం ఈ హద్దుల మ్యాపుల మీదే నడిచింది. పొగ గొట్టం నుంచి నేల దాకా మొత్తం దారిని లెక్కగట్టిన 'రెయిన్స్' మోడల్‌ను ఆస్ట్రియాలోని అంతర్జాతీయ సంస్థ ఐఐఏఎస్‌ఏ 1980లలో తయారుచేసింది. ఒక శాస్త్రీయ లెక్కను దౌత్యవేత్తలు బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకున్న సందర్భాలు చరిత్రలో అరుదు. ఆ గౌరవం ఈ మోడళ్లకు దక్కాలి.

రెండో జాతి కాలంతో నడిచేది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జాక్ కాస్బీ, జార్జ్ హార్న్‌బర్గర్ తదితరులు 1985లో ప్రకటించిన 'మ్యాజిక్' వీటిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. కొండవాలు మొత్తం నేలను ఒకటి రెండు పెట్టెలుగా తీసుకుంటుంది. ఒక్కో పెట్టెలో క్షార అయాన్ల మార్పిడి, సల్ఫేట్ మట్టికి అంటుకోవడం, అల్యూమినియం కరగడం, రాయి కరగడం, ఇంత మాత్రమే. పారిశ్రామిక యుగానికి ముందు, 1850 ప్రాంతంలో, నేల ఎలా ఉండి ఉంటుందో ఊహించి మొదలుపెట్టి ఏడాదికేడాది ముందుకు నడిపిస్తారు. ఇవాళ కొలిచిన వాగు నీటితో లెక్క కలిసేదాకా రాయి కరిగే వేగాన్నీ తొలి నిల్వనూ సరిచేస్తారు. ఆ తర్వాత ఉద్గారాలు ఇంత తగ్గిస్తే 2050లో ఏమవుతుందని అడుగుతారు. ఇంత మోటుగా కనిపించే పద్ధతి ఎలా పనిచేస్తుందని మొదట చాలామంది సందేహించారు. వాగు నీటి విషయంలో అది ఆశ్చర్యపడేంత బాగా పనిచేసింది. మట్టి విషయంలో అంత కాదు. ఒకే వాగును ఒప్పించే తొలి నిల్వలు అనేకం ఉండొచ్చు, వాటిలో ఏది నిజమో మట్టిని కొలిస్తే తప్ప తేలదు.

మోడళ్లను కంప్యూటర్ బయట కూడా పరీక్షించారు. నార్వేలోని రిస్డాల్స్‌హైయాలో 1980లలోనూ, స్వీడన్‌లోని యోర్డ్‌షోన్‌లో 1991 నుంచీ ఒక చిన్న అడవి వాలు మొత్తానికి పారదర్శకమైన కప్పు వేసి, ఆమ్ల వర్షాన్ని అడ్డుకుని, కింద శుభ్రమైన నీళ్లు చల్లారు. గంధకం ఒక్కరోజులో ఆగిపోతే నేల ఎలా స్పందిస్తుందో కళ్లారా చూద్దామన్నది ఉద్దేశం. వాగులో సల్ఫేట్ తగ్గింది, కానీ మట్టిలో దశాబ్దాలుగా పేరుకున్న గంధకం మెల్లగా విడుదలవుతూనే ఉంది. పీహెచ్ పెరగడానికి అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

చెక్ దేశపు పడమటి కొండల్లో లిసినా, ప్లుహూవ్ బోర్ అనే రెండు చిన్న వాగుల కథ మన నేలలకు ఎక్కువ దగ్గర. రెండూ దగ్గర దగ్గరే ఉన్నాయి, రెండింటి మీదా బొగ్గు పొగ ఒకే రకంగా కురిసింది. లిసినా అడుగున గ్రానైట్, ప్లుహూవ్ బోర్ అడుగున మెగ్నీషియం నిండిన సర్పెంటైన్ రాయి. మొదటి వాగు నీరు పీహెచ్ 4 దగ్గర ఉండిపోతే రెండోది 7 దాటి పారింది. అడుగున ఏ రాయి ఉందో చెబితే నేల భవిష్యత్తులో సగం చెప్పినట్టేనని ఈ జంట నిరూపించింది. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. వికారాబాద్ దాటి జహీరాబాద్ వైపు వెళ్తే దక్కన్ బసాల్ట్, దాని మీద నల్లరేగడి. రేగడిలో సున్నపు గడ్డలు చేతికి తగులుతాయి కాబట్టి ఏ ఆమ్ల వర్షమూ దాన్ని ఇప్పట్లో కదిలించలేదు. ఇసుకపాలు ఎక్కువైన చల్కాకు ఆ భరోసా లేదు.

ఉద్గారాలు తగ్గించాక ఏం జరిగింది? అమెరికాలో 1990 స్వచ్ఛమైన గాలి చట్టం సవరణల తర్వాత సల్ఫర్ డయాక్సైడ్ తొంభై శాతం పైగా తగ్గింది. ఐరోపాలోనూ దాదాపు అంతే. 1996లో లైకెన్స్, డ్రిస్కాల్, బూసో హబ్బర్డ్ బ్రూక్ లెక్కలు ప్రచురించినప్పుడు తేలింది మాత్రం నిరాశే: గంధకం తగ్గింది, కానీ అప్పటికే నేల నుంచి చాలా కాల్షియం పోయింది, అందుకే వాగు అనుకున్నంత కోలుకోలేదు. దీన్ని పరీక్షించడానికి 1999లో అక్కడి ఒక వాలు మీద హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ ఖనిజాన్ని చల్లారు. పోయిన కాల్షియం తిరిగి ఇచ్చాక షుగర్ మేపుల్ చెట్లు మళ్లీ పుంజుకున్నాయి. మట్టి తనంతట తాను కోలుకోవడం మొదలుపెట్టిందని గట్టిగా చెప్పగలిగింది 2015లోనే. ఈశాన్య అమెరికా, తూర్పు కెనడా అడవుల్లో గ్రెగరీ లారెన్స్ బృందం పాత గుంతల దగ్గరే మళ్లీ తవ్వి చూస్తే, పై పొరలో అల్యూమినియం తగ్గింది. లోపలి పొరలు ఇంకా వెనకే ఉన్నాయి.

ఈ సమీక్షకు గుండెకాయ లాంటి ఫలితం 1994లో లార్స్ హెడిన్ తదితరులు 'నేచర్' పత్రికలో ప్రకటించింది. గంధకంతోపాటు వానలో క్షార అయాన్లు కూడా ఐరోపా, ఉత్తర అమెరికాల్లో చాలాచోట్ల బాగా తగ్గాయని వాళ్లు చూపించారు. బూడిద పట్టే యంత్రాలు, సిమెంటు ఫ్యాక్టరీల శుభ్రత, తారు రోడ్లు, అన్నీ కలిసి దుమ్మును తగ్గించాయి. గంధకం తగ్గించి సంపాదించిన లాభంలో కొంత భాగాన్ని దుమ్ము తగ్గడం తినేసింది. తొలి మోడళ్లలో చాలావాటికి దుమ్ము ఒక మారని సంఖ్య. ఆ అజాగ్రత్తకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 1981లో జర్మన్ పత్రికలు అడవి చచ్చిపోతోందని ముఖచిత్రాలు వేశాయి. చెక్, పోలండ్, తూర్పు జర్మనీ సరిహద్దు కొండల్లో అడవులు నిజంగానే ఎండిపోయాయి. కానీ ఐరోపా అంతటా అడవి కూలిపోలేదు. మట్టిలో కాల్షియానికీ అల్యూమినియానికీ నిష్పత్తి 1 కిందికి దిగితే వేళ్లు చస్తాయన్న కొలబద్దకు, ప్రయోగశాల బయట నిజమైన అడవిలో దొరికిన సాక్ష్యం బలహీనం. మోడళ్లు మట్టి రసాయనాన్ని బాగానే ఊహించాయి. మట్టి రసాయనం నుంచి చెట్టు చావు దాకా వేసిన అడుగు మాత్రం తొందరపాటు. ఆ తేడా చెప్పకుండా భయపెట్టడం వల్ల ఈ శాస్త్రానికే నష్టం జరిగింది.

చైనా అనుభవం మనకు మరీ దగ్గరిది. అక్కడ 2006 తర్వాత బొగ్గు కేంద్రాలకు గంధకం తొలగించే యంత్రాలు వేగంగా బిగించారు. 2009లో యూ జావో, లెయ్ దువాన్ తదితరులు ఒక ప్రశ్ననే తమ పరిశోధన పత్రానికి శీర్షికగా పెట్టారు: సల్ఫర్ డయాక్సైడ్‌ను అదుపు చేస్తే సరిపోతుందా? వాళ్ల లెక్క ప్రకారం సరిపోదు. నత్రజని ఉద్గారాలు పెరగడం ఒకటి, దుమ్ము తగ్గి కాల్షియం తగ్గడం రెండు, ఈ రెండూ కలిసి లాభాన్ని హరిస్తాయి. 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం చైనా పంట పొలాల మట్టి ఆమ్లంగా మారడానికి వానకంటే యూరియా లాంటి నత్రజని ఎరువులే ప్రధాన కారణమని చూపించింది. అమ్మోనియా గాలిలో ఆమ్లాన్ని విరుస్తుంది. అదే అమ్మోనియా మట్టిలో చేరి నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లాన్ని పుట్టిస్తుంది. వానలో మేలు చేసినట్టు కనిపించింది నేలలో కీడు చేస్తుందన్నమాట. పీహెచ్ మీటర్‌ను మాత్రమే నమ్మకూడదని చెప్పడానికి ఇది రెండో కారణం.

ఇక మన దేశం. సింగరేణి బొగ్గుతో సహా దేశీయ బొగ్గులో గంధకం సాధారణంగా అర శాతం అటూ ఇటూ ఉంటుంది, బూడిద మాత్రం 30 నుంచి 45 శాతం. టన్ను బొగ్గు కాలిస్తే 5 కిలోల గంధకం, అంటే సుమారు 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. శాతం చూస్తే చిన్నదే. రామగుండం, పాల్వంచ, మణుగూరు, చెల్పూరు, జైపూర్, దామరచర్లలో కాలే టన్నులతో గుణిస్తే ఆ సంఖ్య చిన్నది కాదు. 2017లో ఉపగ్రహాల ఆధారంగా వెలువడిన ఒక అధ్యయనం, 2007 తర్వాత చైనా ఉద్గారాలు 75 శాతం తగ్గితే భారత్‌లో 50 శాతం పెరిగాయనీ, మనం మొదటి స్థానానికి చేరుతున్నామనీ చెప్పింది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు కేంద్రాలకు గంధకపు పరిమితులు పెట్టింది. గడువులు పదేపదే జరిగాయి. 2025 జులైలో వచ్చిన నోటిఫికేషన్‌తో, పది లక్షల జనాభా దాటిన నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి తప్పనిసరి చేసి, కొన్నింటిని విడివిడిగా పరిశీలించాలని చెప్పి, మిగతా దాదాపు 78 శాతం యూనిట్లను, పొగలోని గంధకాన్ని తొలగించే ఎఫ్‌జీడీ యంత్రాల నుంచి మినహాయించారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ కేంద్రాన్ని 1995లో కూల్చేశాక హైదరాబాద్‌కు పది కిలోమీటర్లలో పెద్ద బొగ్గు కేంద్రం ఏదీ లేదు. సింగరేణి బెల్టు కేంద్రాలు నగరానికి దూరం, అడవికి దగ్గర. నగరం నుంచి దూరాన్ని కొలబద్దగా పెట్టుకున్న ఆ నోటిఫికేషన్‌లో అడవికి చోటు దొరకలేదు.

మినహాయింపును సమర్థించేవారి ప్రధాన వాదన, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల పరిమితి అయిన ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములకు చాలా కింద ఉందని. అంకె నిజమే. కానీ మన గాలిలో ఆ వాయువు ఎక్కువసేపు వాయువుగా ఉండదు. సున్నపు దుమ్ము మీద జిప్సంగా, అమ్మోనియాతో కలిసి సన్నటి సల్ఫేట్ రేణువుగా మారిపోతుంది. అది చార్మినార్ గచ్చు మీద పడుతుంది, మన ఊపిరితిత్తుల్లో చేరుతుంది, చివరికి వానతో నేలకు దిగుతుంది. వాయువును కొలిచి గంధకం లేదనడం తప్పుడు కొలతతో తీర్పు చెప్పడమే. ఆ నిర్ణయాన్ని ప్రభుత్వం తిరిగి పరిశీలించాలని నా అభిప్రాయం. అందుకు అడవి నేల కంటే ముందు మనుషుల ఊపిరే కారణం.

దుమ్ము వైపు మనం సరైన దిశలోనే వెళ్తున్నాం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ ఉన్నాయి. పీఎం-10 రేణువులను 2026 నాటికి 40 శాతం తగ్గించాలన్నది సవరించిన లక్ష్యం. యాకుత్‌పురాలో చంటిపిల్లల దగ్గు తగ్గాలంటే ఇది జరిగి తీరాలి. ఆమ్లం నుంచి కాపాడుతోంది కాబట్టి దుమ్మును ఉండనిద్దామని ఎవరైనా అంటే అది అన్యాయమైన మాట.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి కొలిచిన అంకెలు కావు, లెక్క నడిచే తీరు తెలియడానికి తీసుకున్నవి. లీటరు వానలో కాల్షియం 2 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 2, నైట్రేట్ 1.25 అనుకుందాం. ఆవేశాల లెక్కలోకి, అంటే మైక్రో తుల్యాంకాల్లోకి మారిస్తే క్షారం వైపు 100, ఆమ్లం వైపు 42కు 20 కలిపి 62. వాన సుఖంగా ఉంది. దుమ్ము సగానికి తగ్గి గంధకం అలాగే ఉంటే? క్షారం 50, ఆమ్లం 62. మిగిలిన 12కు పీహెచ్ సుమారు 4.9. గంధకం రవ్వంత కూడా పెరగకుండానే వాన ఆమ్ల వర్షమైంది. దుమ్ముతోపాటు గంధకాన్ని కూడా సగం చేస్తే 50కి 41, వాన మళ్లీ క్షారం వైపు నిలబడుతుంది. అమ్మోనియా, సముద్రపు ఉప్పు వదిలేసిన మోటు లెక్క ఇది. అయినా విషయం ఇందులోనే ఉంది: ఈ రెండింటినీ ఒకే చేత్తో తగ్గించాలి.

ఈ మార్పు ఊహ కాదు. భారత వాతావరణ శాఖకు దేశంలో పది చోట్ల వాన రసాయనాన్ని గమనించే కేంద్రాలున్నాయి, వాటిలో ఒకటి విశాఖపట్నం. 1987 నుంచి 2021 వరకు ఉన్న కొలతలను ఆ శాఖ పుణె శాస్త్రవేత్తలతో కలిసి విశ్లేషించినప్పుడు ఎక్కువ కేంద్రాల్లో వాన క్రమంగా ఆమ్లం వైపు జరుగుతున్నట్టు తేలింది. విశాఖ, ప్రయాగ్‌రాజ్, అస్సాంలోని మోహన్‌బారి ఇందులో ప్రత్యేకంగా వినిపించిన పేర్లు. విశాఖ విషయంలో చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, నౌకాశ్రయ కార్యకలాపాల వైపు వేలు చూపారు. థార్ ఎడారి దుమ్ము అందే జోధ్‌పూర్‌లో పరిస్థితి వేరు.

అయితే వాన మారగానే నేల మారదు. పై లెక్కలో హెక్టారుకు 800 మిల్లీమీటర్ల వాన అంటే 80 లక్షల లీటర్లు, అది తెచ్చే మిగులు ఆమ్లం ఏటా సుమారు 100 తుల్యాంకాలు. అర మీటరు లోతు చల్కా మట్టి హెక్టారుకు 75 లక్షల కిలోలు. కిలోకు 5 సెంటీమోల్స్ క్షార అయాన్లు ఉన్నాయనుకుంటే నిల్వ మూడున్నర లక్షల తుల్యాంకాలు దాటుతుంది. అది కరిగిపోవడానికి వేల ఏళ్లు పడుతుంది. పొడిగా రాలే గంధకాన్నీ అమ్మోనియానూ కలిపి ఆమ్లాన్ని పదింతలు చేసినా శతాబ్దాల మాటే. పైగా మెట్ట అడవుల్లో వాన నీరు ఎక్కువగా ఆవిరైపోతుంది, కిందికి ఇంకి క్షారాన్ని మోసుకుపోయేది తక్కువ. యాకుత్‌పురాకు పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న మహావీర్ హరిణ వనస్థలి గానీ, అనంతగిరి గానీ, అమ్రాబాద్ గానీ ఆమ్ల వర్షంతో రేపే చచ్చిపోతాయని చెప్పడం అబద్ధం. ఆ భయం పెట్టి గంధకాన్ని తగ్గించమని అడగడం నాకు ఇష్టం లేదు.

అదే ఖాతాలో ఇంకో పద్దు చూడండి. హెక్టారు అడవి నుంచి ఏటా ఒక టన్ను కట్టె బయటికి పోతుందనీ, అందులో 5 కిలోల కాల్షియం ఉందనీ అనుకుంటే అది 250 తుల్యాంకాలు. పైన చెప్పిన వాన ఆమ్లం కంటే రెండున్నర రెట్లు. తునికాకు, మేతగా వెళ్లే గడ్డి, బెరడుతో సహా పోయే టేకు దుంగ, అన్నీ ఈ పద్దులోకే వస్తాయి. వానను ఒంటరిగా లెక్కేసే మోడల్ మన అడవిలో పనిచేయదు. కట్టె మోపులు కూడా లెక్కలోకి రావాలి.

భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. గ్రానైట్ గుట్టల మీద జానెడు మట్టితో బతికే పొదల అడవిలో నిల్వ అర మీటరు నేలలో ఉన్నదానికంటే చాలా తక్కువ. వాన ఎక్కువై ఇప్పటికే కడుక్కుపోయిన అరకు, పాడేరు కొండల ఎర్రమట్టి, విశాఖ పరిశ్రమల గాలికి మరీ దూరం కాదు. ఈ ఎర్రమట్టిలో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు సల్ఫేట్‌ను పట్టి ఉంచుతాయి. పట్టి ఉంచినంతకాలం వాగు శుభ్రంగా కనిపిస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. పట్టే శక్తి నిండాక సల్ఫేట్ ఒక్కసారిగా కదులుతుంది. ఆ తర్వాత ఉద్గారాలు తగ్గించినా పేరుకున్నది దశాబ్దాలపాటు బయటికి వస్తూనే ఉంటుంది. చలి దేశాల పలుచని నేలల్లో ఈ ఆలస్యం ఉన్నా, మన ఎర్రమట్టిలో ఉన్నంత పెద్దది కాదు. మనకు అదే అసలు విషయం.

ఇంకో వైపు కూడా ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ మెట్ట పొలాల మట్టి పరీక్షల్లో గంధకం కొరత విస్తారంగా కనిపించింది. ఇంగ్లండ్‌లో పొగ తగ్గాక ఆవ జాతి పంటలకు గంధకం వేయాల్సి వచ్చింది. కాబట్టి కాస్త గంధకం పొలానికి మేలే. కానీ పొలానికి కావలసిన గంధకాన్ని బస్తాలో కొని వేయొచ్చు. అది రావడానికి పొగ గొట్టం మీద ఆధారపడనక్కర్లేదు.

ప్రపంచ బ్యాంకు సాయంతో 1990లలో తయారైన 'రెయిన్స్-ఆసియా' మోడల్, అదుపు లేకపోతే 2020 నాటికి ఆసియా గంధకం మూడింతలు దాటుతుందని హెచ్చరించింది. చైనా మేల్కోవడంతో అది జరగలేదు. ఒక మోడల్ ఇచ్చిన హెచ్చరిక ఫలించకపోవడం దాని విజయమే. అయితే ఆ మ్యాపుల్లో ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే నూరు కిలోమీటర్లకు పైమాట. ఒకే గడిలో చల్కా, రేగడి, గుట్ట, చెరువు కట్ట అన్నీ ఒకటైపోతాయి. 1998లో దక్షిణాసియా దేశాలు మాలెలో చేసిన ప్రకటన సరిహద్దులు దాటే కాలుష్యాన్ని కలిసి గమనించాలని చెప్పింది. కలిసి గమనించడానికి ముందు ఎవరి మట్టిని వాళ్లు గమనించాలి.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఒకప్పటి పొలాన్ని 1880లలో అలా వదిలేశారు. అది అడవైంది. పందొమ్మిదో శతాబ్దం నాటి మట్టిని సీసాల్లో దాచి ఉంచారు కాబట్టి, పీహెచ్ 7 దగ్గర ఉన్నది నూరేళ్లలో 4.2 దగ్గరికి పడిందని తెలిసింది. ఆ సీసాలు లేకుంటే ఏ మోడలూ ఆ సంగతి నమ్మకంగా చెప్పగలిగేది కాదు. కంప్యూటర్ శక్తి ఇవాళ ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంది. సమీకరణాలు నలభై ఏళ్లుగా అచ్చులో ఉన్నాయి. కావలసింది నిన్నటి మట్టి, దాన్ని రేపు ఎవరూ తయారుచేయలేరు.

కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖలకూ కాలుష్య నియంత్రణ మండళ్లకూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలకూ ఒక విజ్ఞప్తి. హరిణ వనస్థలి, అనంతగిరి, అమ్రాబాద్, కవ్వాల్, రామగుండం గాలి తగిలే గోదావరి ఒడ్డు అడవి, అరకు, పాడేరు, వీటిలో ఒక్కోచోట కొన్ని స్థిరమైన గళ్లు గుర్తించండి. లోతుల వారీగా మట్టి తీసి, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, సల్ఫేట్ కొలిచి, ఆరబెట్టి, సీసాల్లో సీలు వేసి దాచండి. పక్కనే వాన పట్టే గరాటు ఒకటి పెట్టి, పీహెచ్ ఒక్కటే రాసి ఊరుకోకుండా అన్ని అయాన్లూ కొలవండి. బయటికి పోయే కట్టె లెక్క కూడా అదే పుస్తకంలో రాయండి. పదేళ్లకోసారి అదే గుంత పక్కన మళ్లీ తవ్వండి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ఈ వానాకాలం దాటకముందే మొదటి సీసాలు నింపండి.